చెమట పట్టని భూతం

మణికూట నగరంలో ఆకలితో పడుకోవడం చాలా కష్టమని ఒకప్పుడు దేశదేశాల బాటసారులు చెప్పుకునేవారు. అక్కడి అక్షయసత్రం అలాంటిది. పాలరాతి స్తంభాలు, ప్రతి స్తంభం మీదా తొండంతో అన్నపు గరిటె పట్టుకున్న ఏనుగు బొమ్మ, పైన పగడాల తోరణాలు, లోపల నిచ్చెన ఎక్కి కలపవలసినంత పెద్ద రాగి గంగాళాలు. పప్పులో ఇంగువ పోపు పడిందంటే ఆ ఘుమఘుమ కోటగోడ దాటి పొలిమేర దాకా వెళ్ళేది. ఒకసారి పొరుగురాజు కోటను ముట్టడిస్తే, ఆ వాసనకు అతని సైనికులు కత్తులు బయట పెట్టి వచ్చి బంతిలో కూర్చున్నారట. యుద్ధం అక్కడితో సరి. వచ్చినవాడి పేరు అడిగే అలవాటు కూడా ఆ సత్రానికి లేదు. ఆకు వేయడం, వడ్డించడం, అంతే.

అలాంటి సత్రం వాకిట్లోకి, ఎండ నడినెత్తి మీద ఉండగా ఒక కట్టెల బండి వచ్చి ఆగింది. దాన్ని లాగుతున్నవాడు నీలావతి రాజ్యపు యువరాజు ప్రద్యోతుడు. శత్రువు కంట పడకుండా ఒంటికి బూడిద పూసుకుని, తలకు చింకిగుడ్డ చుట్టి, కట్టెలు కొట్టేవాడి వేషంలో ఉన్నాడు. బండిలో గడ్డి మీద కూర్చున్నది అతణ్ణి ఎత్తుకు పెంచిన దాది ఓబులవ్వ. నడుము పైన ఆమె మామూలు ముసలమ్మే. నడుము కింద నల్లరాయి.

ఈ రాయి కథ కొంచెం చెప్పాలి. కపాలధ్వజుడనే మాంత్రికుడు ప్రద్యోతుణ్ణి మహాకాళికి బలి ఇవ్వడానికి అంతఃపురంలోకి దూరినప్పుడు, ఓబులవ్వ అడ్డుపడి అతని ఎడమచెవి తమ్మెను కొరికి ఊసేసింది. ఉన్న పళ్ళు తక్కువే అయినా గురి తప్పలేదు. ఒళ్ళు మండిపోయిన మాంత్రికుడు, "కాళ్ళ నుంచి తల దాకా రాయివైపో!" అని శపించి మాయమయ్యాడు. అప్పటినుంచి రాయి పైకి పాకుతోంది. దానికి విరుగుడు అడవిలో ఒక ముని చెప్పాడు. బదులేమీ కోరకుండా ఎవరైనా ఒక్క ముద్ద అన్నం అవ్వ నోట్లో పెట్టాలి. డబ్బు కోరకూడదు, పని కోరకూడదు, చివరికి పుణ్యం కూడా కోరకూడదు. రాయి గడ్డం దాటిందా, ఇక బ్రహ్మదేవుడి వల్ల కూడా కాదు.

ఆ ముద్ద ప్రద్యోతుడు పెడితే చెల్లదు. అవ్వ బతకాలని అతను కోరుకుంటున్నాడు గదా! అందుకే కొండలు, కోనలు దాటించి ఆమెను మణికూటానికి లాక్కొచ్చాడు.

"వచ్చేశాం అవ్వా. ఇక్కడ ఎవరికైనా ఊరకే పెడతారు" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"కన్నతల్లి కూడా ఊరకే పెట్టదురా నాయనా. తిన్న కంచం కడగమంటుంది" అంది ఓబులవ్వ. "పోనీలే, చూద్దాం. ఎండ ముదిరేకొద్దీ ఈ రాయి జోరుగా ఎక్కుతోంది. పొద్దు వాలేలోగా గడ్డం అందుకునేట్టుంది."

వాకిలి దగ్గర వాళ్ళనుకున్నది ఏమీ లేదు. తలుపులు ఒక మనిషి పట్టేంత సందు మాత్రం వదిలి మూసి ఉన్నాయి. ఆ సందు పక్కన పీట వేసుకుని, ఒళ్ళో తెల్లని గుడ్డల దొంతర పెట్టుకుని ఒక స్థూలకాయుడు కూర్చున్నాడు. ఆయన పేరు గంభీరయ్య. ఉద్యోగం పేరు స్వేదపరీక్షాధికారి. వచ్చినవాడి నుదురు గుడ్డతో అద్దుతాడు. గుడ్డ తడిస్తే నాలుకకు తగిలించి ఉప్పదనం చూసుకుని, "పో లోపలికి" అంటాడు. తడవకపోతే, "పని చెయ్యవు, తిండి కావాలా?" అంటాడు. పగలంతా ఊరి జనం చెమట నాకే ఆ ఉద్యోగం ఏ తల్లి కన్న బిడ్డకూ వద్దు గానీ, గంభీరయ్యకు మాత్రం దాన్ని చూసుకుంటే మహా గర్వం.

ఇదంతా రాజుగారి కొత్త గురువు శ్రమానందస్వామి పెట్టించిన కట్టడి. పని చేసినవాడికే అన్నం. పని చేశాడనడానికి చెమటే గుర్తు. ఊళ్ళో ఎవరైనా పని తీసుకోకుండా పిడికెడు మెతుకులు పెట్టినా కొరడా దెబ్బలు.

పోనీ పని ఉందా అంటే అదీ లేదు. స్వామివారు తమతో పాటు, మంత్రంతో కట్టేసిన కుండోదరమనే భూతాన్ని తెచ్చారు. తాటిచెట్టంత ఎత్తు, గాదెంత పొట్ట. అది తెల్లవారకముందే లేచి నగరంలో ఉన్న పనంతా చేసి పారేస్తోంది. కట్టెలన్నీ చీల్చేసింది, కాలువలన్నీ పూడిక తీసేసింది, నీళ్ళన్నీ తోడేసింది. వీధులు ఊడ్చి, ఇంకేమీ దొరక్క, వచ్చే శిశిరంలో రాలవలసిన ఆకుల్ని కూడా చెట్లు దులిపి రాల్చి మరీ ఊడ్చేసింది. జనం పలుగు, పార పట్టుకుని వచ్చేసరికి నేల అద్దంలా మెరుస్తూ కనిపించేది.

అందుకని జనం చెమట సంపాదించే ఉపాయాలు కనిపెట్టారు. ఒకడు మిట్టమధ్యాహ్నం కంబళి కప్పుకుని కూర్చున్నాడు. మరొకడు గోడను రెండు చేతులా తోస్తూ, "కదులుతోందా? కదులుతోందా?" అని పక్కవాణ్ణి అడుగుతున్నాడు. వీరన్న అనే సోమరి కొరివికారం నమిలి, ముఖమంతా కారుతూ వచ్చి, గంభీరయ్య చేత శభాష్ అనిపించుకుని లోపలికి పోయాడు. వాడి వెనకే గురమ్మ అనే మేదరామె, పొద్దున్నుంచి అల్లిన బుట్టలు నెత్తిన పెట్టుకుని వచ్చింది. నీడన కూర్చుని అల్లింది కాబట్టి నుదురు పొడిగా ఉంది.

"ఇవి బుట్టలు కావా బాబూ? నా వేళ్ళు చూడు, ఎట్టా కోసుకుపోయినాయో!"

"బుట్టలు నేను చూడను. తడి చూస్తాను" అన్నాడు గంభీరయ్య.

ప్రద్యోతుడు బండిని ముందుకు తోశాడు. గంభీరయ్య గుడ్డతో ఓబులవ్వ నుదురు అద్ది, ముఖం చిట్లించాడు. "పొడి. పక్కకు జరుగు."

"అయ్యా, ఆమె సగం రాయి. రాయికి చెమట ఎలా పడుతుంది?"

"సగమే గదా రాయి. మిగతా సగం ఏం చేస్తోంది?"

ప్రద్యోతుడి చెయ్యి కట్టెల్లో దాచిన కత్తి మీదికి పోయింది. ఓబులవ్వ ఆ చేతి మీద ఒక్కటి వేసింది. "లాక్కున్న ముద్ద పెట్టిన ముద్ద అవుతుందా? పద, ఇళ్ళలో అడుగుదాం."

బండి వీధుల వెంట పరుగు తీసింది. మణికూట ప్రజలు మంచివాళ్ళు. కొరడాకు జడిసి కూడా, చాటుగా తలుపు ఓరగా తీసి పలకరించారు. కానీ ఏమీ కోరకుండా పెట్టడం ఎంత కష్టమో ప్రద్యోతుడికి ఆవేళ తెలిసింది. ఒక ఇల్లాలు ముద్ద కలిపి నోటిదాకా తెచ్చి, "మా అమ్మాయికి పెళ్ళి కావాలని దీవించు అవ్వా" అంది. ముద్ద మింగినా రాయి దిగలేదు. ఒక వైద్యుడు పెట్టి, "తిన్నాక ఎలా ఉందో చెప్పు" అన్నాడు. అదీ చెల్లలేదు. ఒక శెట్టిగారైతే కళ్ళు మూసుకుని, "నాకేమీ వద్దు, నాకేమీ వద్దు" అని జపిస్తూ పెట్టి, కళ్ళు తెరిచి, "దేవుడు చూశాడంటావా?" అని అడిగాడు. రాయి చంకల దాకా ఎక్కింది.

ఇంతలో, "ఊరకే తినిపిస్తున్నారు, పట్టుకోండి!" అని రాజభటులు వెంటపడ్డారు. ప్రద్యోతుడు బండి తిప్పి ఏనుగుల వీధి వాలులోకి దూకాడు. వాలులో పడ్డాక బండి అతని చేతిలో లేదు. రాయి బరువుకు అది గడగడలాడుతూ, అరటిగెలల కొట్టును రెండుగా చీల్చుకుని, పూలదుకాణాన్ని మెడలో వేసుకుని, ఒక గుర్రానికి తాను గుర్రమన్నదే మరచిపోయేంత భయం పెట్టి, దూసుకుపోయింది. ముందు కాడి పట్టుకుని యువరాజు గాలిలో తేలుతున్నాడు.

"మెల్లగా లాగరా నాయనా!" అని ఓబులవ్వ కేక.

"నేను లాగడం లేదవ్వా!"

వాలు చివర సత్రం వాకిలి. సరిగ్గా అప్పుడే అక్కడ మణికూట మహారాజు మృదుకేతుడు పల్లకీ దిగుతున్నాడు. బండి పోయి పల్లకీ పక్కనున్న ఇసుకరాశిలో దిగబడి ఆగింది. మహారాజు మీద పూలవాన కురిసింది. వెంటపడ్డ భటులు రాజును చూసి దూరంగానే నిలిచిపోయారు.

"ఎంత చక్కని స్వాగతం!" అన్నాడు మృదుకేతుడు. ఆయన మంచివాడు. ఎవరు చివర మాట్లాడితే వాళ్ళ మాట సబబుగా తోచడం ఒక్కటే ఆయనలో లోపం.

వెనకే కాషాయం కట్టి, తలపాగా ఎడమచెవి మీదికి బాగా దించుకున్న శ్రమానందస్వామి దిగాడు. ఆ తలపాగా చూడగానే ఓబులవ్వ కళ్ళు చిన్నవయ్యాయి. "వీడే" అంది ప్రద్యోతుడి చెవిలో. "ఆ చెవి రుచి నేను మరిచిపోలేదు."

కపాలధ్వజుడు కూడా ఆమెను గుర్తుపట్టాడు. రాయి ఎంతదాకా ఎక్కిందో కళ్ళతోనే కొలుచుకుని, మీసం చాటున నవ్వాడు. దేశం మొత్తంలో అడగకుండా పెట్టే ఒకే ఒక్క సత్రాన్ని మూయించడానికి అతను అన్నాళ్ళు కాషాయం కట్టాడు మరి. పగ అంటే అదీ.

ప్రద్యోతుడు రాజుకు మోకరిల్లాడు. "మహారాజా, ఈ ముసలామెకు ఒక్క ముద్ద పెట్టించండి. ఏమీ అడగకుండా పెట్టించండి. అది అందకపోతే ఈమె ప్రాణం పోతుంది."

"అయ్యో, పెట్టండి పెట్టండి" అన్నాడు రాజు.

"ప్రభూ!" అన్నాడు స్వామి. "ఈమెకు ఊరకే పెడితే రేపు ఊరంతా రాయి పూసుకుని వస్తుంది. ఊరకే దొరికే అన్నం మనిషిని మొద్దును చేస్తుంది."

"అవును, పెట్టకండి" అన్నాడు రాజు.

అప్పుడు గుంపులోంచి సింగన్న అనే రైతు ముందుకొచ్చాడు. వడ్ల బండి తోలుకొచ్చి దించుతున్నాడు ఆయన. "నాదో మాట సామీ. ఆ గంగాళాల్లో ఉడికేవి నా వడ్లు. నేను మోకాటిలోతు బురదలో దున్నుతుంటే మా ఊరి వీరన్న ఇక్కడ మూడు పూటలా మేసి, అరుగు మీద కాళ్ళు చాపుకుని పాటలు పాడుకుంటాడు. నాకు కడుపు మండదా? నేను చెడ్డోణ్ణా?"

నిజం చెప్పాలంటే, సింగన్న అడిగినదాంట్లో అన్యాయం లేదు.

"మండుతుంది పెద్దయ్యా" అన్నాడు ప్రద్యోతుడు. "మరి ఈ కట్టడి వచ్చాక ఆ వీరన్న ఎక్కడున్నాడు?"

సింగన్న మునివేళ్ళ మీద లేచి తలుపుసందులోంచి తొంగిచూశాడు. మొదటి బంతిలో, మొదటి ఆకు ముందు వీరన్న పెరుగు పోయించుకుంటున్నాడు. బయట మెట్టు మీద గురమ్మ బుట్టల మధ్య మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుని ఉంది. సింగన్న ఆమెను చూశాడు, మళ్ళీ వీరన్నను చూశాడు. "ఇదేందిది?" అన్నాడు.

"పరీక్ష చాలలేదన్నమాట!" అన్నాడు స్వామి చటుక్కున. "చెమటతో పాటు ఆయాసం కూడా చూడాలి మహారాజా."

"భేష్! ఆయాసాధికారిని నియమించండి" అన్నాడు రాజు.

"ఇక ఈ అవ్వ సంగతి. మనకు దయ లేదని ఎవరూ అనకూడదు. చేతులు ఇంకా ఆడుతున్నాయి గదా. ఒక విసనకర్ర ఇవ్వండి. ప్రభువులకు కాస్త విసిరితే, కడుపు నిండా అన్నం పెట్టిద్దాం. ఇంతకన్నా న్యాయం ఉందా?"

గుంపులో అందరూ తలలూపారు. నిజంగానే అంతకన్నా న్యాయంగా ఏమీ వినిపించలేదు. ఒక్క ప్రద్యోతుడు మాత్రం తల ఊపలేదు. విసిరి తిన్నది కూలి అవుతుంది. కూలి అన్నం బండెడు తిన్నా రాయి కరగదు. ఆ సంగతి స్వామికీ తెలుసు.

"ఇస్తే విసురుతాలే" అంది ఓబులవ్వ. "ముసలాయన పాపం, ఉడికిపోతున్నాడు." విసనకర్ర అందుకుని గట్టిగా విసిరింది. రాజు కళ్ళు మూసుకుని హాయిగా నిట్టూర్చాడు. ఇంతలో రాయి భుజాలు దాటి చేతుల్లోకి పాకింది. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే బిగుసుకుపోయింది.

"గాలి ఆగిందేం?" అన్నాడు రాజు కళ్ళు తెరవకుండానే.

రాయి మెడను తాకింది. ప్రద్యోతుడు బండి పట్టుకుని నిలబడిపోయాడు. అతనికి ఏడుపొస్తోంది. యువరాజులు ఏడవకూడదంటారు గానీ, ఆ మాట అన్నవాళ్ళను పెంచిన అవ్వ రాయైపోతుంటే వాళ్ళు చూసి ఉండరు.

అప్పుడు నేల దడదడలాడింది. కుండోదరం వస్తోంది. నగరంలో పనంతా అయిపోయి, ఎవరూ ఏమీ చెప్పక, కోటగోడను ఊడదీసి మళ్ళీ కట్టి వస్తోంది. వచ్చి గంభీరయ్య ముందు గొంతుక్కూర్చుని, రోజూ చేసినట్టే నుదురు వంచింది. గంభీరయ్య పీట ఎక్కి అద్దాడు. భూతాలకు చెమట పట్టదు.

"పొడి. పక్కకు జరుగు."

"ఈవేళ కూడానా?" అంది భూతం నీరసంగా. ఆ పొట్టలోంచి వచ్చిన గుడగుడకు స్తంభాల మీద పావురాలు లేచిపోయాయి. అది స్వామి వైపు తిరిగింది. "సరే. పని చెప్పు."

బండిలోంచి సన్నని గొంతు వినిపించింది. అప్పటికి ఓబులవ్వకు ఆడుతున్నవి పెదవులు, కళ్ళు మాత్రమే.

"ఏం నాయనా, తిన్నావా?"

భూతం నాలుగు వైపులా చూసి, ఎవరూ కనిపించక, కిందికి చూసింది. "తిన్నావా? అదేం పని? ఎక్కడ చెయ్యాలి?"

"పని కాదురా. ఊరకే అడిగాను."

"అడిగి?"

"అడిగి ఏముంది? ముఖం వాడిపోయి ఉంటే అడిగాను."

పుట్టినప్పటినుంచి కుండోదరాన్ని పిలిచినవాళ్ళందరూ మొయ్యమన్నారు, తవ్వమన్నారు, చంపమన్నారు. దాని కళ్ళలోంచి బిందెడేసి చుక్కలు రాలి, సరాసరి గంభీరయ్య ఒళ్ళోని గుడ్డల మీద పడ్డాయి. గుడ్డలు, గంభీరయ్య, పీట అన్నీ తడిసి ముద్దయ్యాయి.

గంభీరయ్య నియమం తప్పని మనిషి. ముఖం మీదినుంచి కారుతున్నదాన్ని నాలుకతో అందుకున్నాడు. కళ్ళు పెద్దవి చేశాడు. "తడి. ఉప్పు. పో లోపలికి!"

లోపలికి భూతం పట్టదు కాబట్టి ఆకే బయటికి వచ్చింది. ఆకు అంటే అరిటాకులు కుట్టిన చాప. దాని మీద కొండంత అన్నం, మధ్యలో గుంట చేసి పప్పు, పైన నెయ్యి. భూతం ముద్ద చేసింది. నోటిదాకా తీసుకెళ్ళి, ఆగి, ఓబులవ్వ వైపు చూసింది. తర్వాత గోటి చివరతో చిన్న ముద్ద విడదీసి ఆమె పెదవుల దగ్గరికి చాపింది.

స్వామికి అప్పుడు ఒళ్ళు తెలిసింది. "ఆగరా!" అని అరిచాడు. "ఊరకే పెట్టకు! ఏదైనా అడుగు. దీవెన అడుగు, ఒక కథ చెప్పమను, ఏదైనా సరే. అడిగావంటే ఈ క్షణమే నీ కట్టు విప్పేస్తాను. ఇక ఎవరూ నీకు పని చెప్పరు!"

పని చెయ్యమంటే చెయ్యక తప్పదు గానీ, తన ఆకులోది ఎవరికీ పెట్టకూడదన్నది భూతం కట్టులో లేదు. రాయి ఓబులవ్వ గడ్డం అంచుకు వచ్చింది. ప్రద్యోతుడు నోరు తెరిచాడు గానీ, బతిమాలితే అదీ ఒక కోరికే అవుతుందేమోనని పళ్ళ బిగువున ఆగాడు. భూతం నుదురు ముడిపడింది. కట్టు విప్పించుకోవడమంటే దానికి ఎంత కావాలో ఆ కళ్ళలో అందరికీ కనిపించింది.

"నాకేం అడగాలో తెలీదు" అంది చివరికి. "తిను అవ్వా. చల్లారిపోతుంది."

ముద్ద నోట్లో పడింది. ఓబులవ్వ ఉన్న పళ్ళతో నమిలి మింగింది. పైనుంచి కింది దాకా రాయి పెళపెళమని పగిలి, పెచ్చులు పెచ్చులుగా ఇసుకలోకి రాలింది. ఎత్తిన చెయ్యి దిగింది. ఆ విసురుకు రాజుగారికి కాస్త గాలి తగిలి, "ఆఁ, ఇప్పుడు బాగుంది" అన్నాడు. ప్రద్యోతుడు అవ్వ కాళ్ళు రెండు చేతులా పట్టుకుని చూశాడు. వెచ్చగా ఉన్నాయి. ఇక అతను సిగ్గుపడకుండా ఏడ్చాడు.

ఆనందం ఎక్కువసేపు సాగలేదు. స్వామి తలపాగా విసిరికొట్టాడు. తమ్మె లేని చెవి ఎర్రగా బయటపడింది. కాషాయం నల్లగా మారి, కపాలధ్వజుడు వికటంగా నవ్వుతూ మహారాజు మెడ పట్టి పల్లకీలోకి తోసి, తానూ ఎక్కి, ఏదో మంత్రం గొణిగాడు. బోయీలు లేని పల్లకీ రెక్కలు మొలిపించుకుని ఆకాశానికి లేచింది.

"ఇది ఎవరి ఆజ్ఞ?" అని పైనుంచి మృదుకేతుడి గొంతు వినిపించింది. "నన్నెవరైనా కాపాడండి! నేనేమీ అనుకోను!"

"కుండోదరా!" అని ప్రద్యోతుడు కత్తి లాగి అరిచాడు. "మమ్మల్ని భుజాన ఎక్కించుకో! వాణ్ణి తరుముదాం!"

భూతం ముద్ద నోట్లో పెట్టుకుని తల తిప్పింది. "పని చెబుతున్నావా, అడుగుతున్నావా?"

ప్రద్యోతుడు కత్తి దించాడు. పల్లకీ అప్పటికే తూర్పు కొండల మీద గద్దంత అయింది. "అడుగుతున్నాను."

"అయితే తిన్నాక వస్తాను" అంది భూతం, పప్పు కలుపుకుంటూ.

"అంతదాకా రాజుగారు ఉండొద్దూ?"

"తిననీ నాయనా" అంది ఓబులవ్వ బండి దిగుతూ. "ఎన్నాళ్ళ ఆకలో." అంటూనే ఇసుకలో కాళ్ళు పెట్టి, వేళ్ళు ఆడించి చూసుకుంది. మెట్టు మీది గురమ్మను చెయ్యి పట్టి లేపి, భూతం ఆకు చివర తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ ఆకు చివర ఊరిలో సగం మందికి సరిపోతుంది. గంభీరయ్య తడిగుడ్డ పట్టుకుని లేచాడు గానీ, ఎవరి నుదురు అద్దాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

ఆకాశంలో పల్లకీ చుక్కంత అయింది. కింద భూతం ఆకు మధ్య ఖాళీ అయింది. సింగన్న దాన్ని చూసి, తలగుడ్డ బిగించి, సత్రం తలుపులు బార్లా తోసి లోపలికి వెళ్ళి, ఉన్నవాటిలో చిన్న గంగాళాన్ని చెవులు పట్టి ఈడ్చుకుంటూ బయటికి తెచ్చాడు.

"అన్నం మారు వెయ్యనా?" అన్నాడు.